విడిదిలో నేరం: తెలిసినవాళ్లు, చెప్పేవాళ్లు

ఇంగ్లీషులో 'కోజీ మిస్టరీ' అనే నవలా రూపం ఒకటుంది. హత్య జరుగుతుంది కానీ రక్తం కనబడదు. ఊరు చిన్నది. అందరికీ అందరూ తెలుసు. పోలీసుల కంటే ముందు ఓ మామూలు మనిషి, చాలాసార్లు ఓ స్త్రీ, హంతకుణ్ణి పట్టేస్తుంది. చివరి పేజీకి ఊరు మళ్లీ మామూలుగా టీ తాగుతుంటుంది. ఈ రూపంలోనే ఒక పాయ, రచయితల విడిదిలో జరిగే కథ. నలుగురైదుగురు రచయితలు వారం రోజులు రాసుకోవడానికి ఓ చిన్న ఊళ్లో బస చేస్తారు. రెండోరోజో మూడోరోజో ఒకరు చనిపోతారు, లేదా ఒకరి రాతప్రతి మాయమవుతుంది. ఎవరు ఎవరి కథ దొంగిలించారు, ఎవరు ఎవరి పేరుతో రాస్తున్నారు అన్న గుట్టు ఒక్కొక్కటే బయటికొస్తుంది. వృద్ధాశ్రమంలో నలుగురు పెద్దవాళ్లు నేరాలు ఛేదించే రిచర్డ్ ఆస్మన్ నవల 2020లో వచ్చి విపరీతంగా అమ్ముడుపోయాక ఈ రకం కథలకు మళ్లీ మంచి రోజులొచ్చాయి.

ఇందులో స్త్రీవాద విమర్శకు ఏం పని అని అడగొచ్చు. నాకు చాలా పని కనిపిస్తోంది. ఎందుకంటే ఈ రూపం మూడు ప్రశ్నల మీద నడుస్తుంది. ఆడవాళ్ల ముచ్చట్లకు విలువుందా? స్త్రీ రాయడానికి ఇల్లు వదిలి నాలుగురోజులు ఎక్కడికైనా వెళ్లగలదా? రాసినది ఎవరిదని లోకం నమ్ముతుంది? ఈ మూడూ మన ప్రశ్నలే. మన దగ్గర వీటికి కథల్లో కంటే జీవితంలో ఎక్కువ జవాబులున్నాయి.

మన విమర్శ డిటెక్టివ్ నవలని సాహిత్యం గడప దాటనివ్వలేదు. కొమ్మూరి సాంబశివరావు యుగంధర్‌నీ, టెంపోరావు నవలల్నీ, ఆ తర్వాత మధుబాబు షాడోనీ అద్దె పుస్తకాల షాపుల్లోంచి తెచ్చుకుని పాఠ్యపుస్తకాల మధ్య పెట్టుకుని చదివిన ఆడపిల్లలు వేలమంది. ఆరుద్ర లాంటి కవి కూడా డిటెక్టివ్ నవలలు రాశాడు. అరవై, డెబ్భై దశకాల రచయిత్రుల నవలల్ని తరువాతి స్త్రీవాదులు మళ్లీ చదివారు, వాటిలోని కలల్నీ భయాల్నీ పట్టించుకున్నారు. అపరాధ పరిశోధన నవలని మాత్రం మగపిల్లల చదువుగా వదిలేశాం. పేరుపడ్డ ఆ నవలల్లో నేరాన్ని ఛేదించేది మగవాడే. అతనికి కారుంటుంది, అసిస్టెంటు ఉంటాడు, అర్ధరాత్రి బయటికెళ్తే 'ఎక్కడికి?' అని అడిగే అత్తగారుండదు. ఆడవాళ్లు శవంగానో, సాక్షిగానో, సెక్రటరీగానో కనిపిస్తారు.

అగాథా క్రిస్టీ మిస్ మార్పుల్ ఇందుకు పూర్తిగా ఎదురు. 1932లో పుస్తకంగా వచ్చిన 'ది థర్టీన్ ప్రాబ్లమ్స్' కథల మొదట్లోనే ఆ పథకం తెలుస్తుంది. ఆమె ఇంట్లో ఓ సాయంత్రం కొంతమంది చేరతారు. అందులో ఆమె మేనల్లుడు రేమండ్ వెస్ట్ ఆధునిక నవలాకారుడు. చిత్రకారిణి ఉంది, వకీలున్నాడు, మతగురువున్నాడు, స్కాట్లాండ్ యార్డులో పెద్ద పదవి చేసిన ఆయన ఉన్నాడు. తలా ఒక చిక్కుముడి చెప్పి మిగిలినవాళ్లని విప్పమనాలన్నది ఆట. మూల కూర్చుని అల్లుకుంటున్న ముసలావిడని లెక్కలోకి తీసుకోవాలని మొదట ఎవరికీ తోచదు. ఆవిడ ఊళ్లో ఒకావిడ కొన్న రొయ్యలు సంచిలోంచి మాయమైన సంగతి చెబితే నవ్వుకుంటారు. చివరికి అందరి ముడులూ విప్పేది ఆవిడే. మనుషుల స్వభావం గురించి రచయిత మేనల్లుడికి సిద్ధాంతాలున్నాయి. ఆవిడకి ఊరుంది.

మిస్ మార్పుల్ పద్ధతిని మనం ఏమంటాం? అమ్మలక్కల కబుర్లు అంటాం. చెవులు కొరుక్కోవడం అంటాం. బోరింగు దగ్గర, నాట్లేసే మడిలో, బతుకమ్మ చుట్టూ చప్పట్లు కొట్టేచోట ఎవరింట్లో ఏ కోడలు మూడురోజుల్నుంచి కనిపించడం లేదో, ఏ పిల్లని హఠాత్తుగా బడి మాన్పించారో, ఎవరి మెడమీది మచ్చ తలుపు తగిలి వచ్చింది కాదో తెలిసిపోతుంది. ఈ తెలివిని కోర్టు సాక్ష్యంగా తీసుకోదు. పత్రిక వార్తగా తీసుకోదు. విమర్శకుడు వస్తువుగా తీసుకోడు. కోజీ మిస్టరీ తీసుకుంది. ఆ రూపం చేసిన పెద్ద పని ఇదే. ఎగతాళికి గురైన ఒక జ్ఞానానికి అది గౌరవమైన కుర్చీ వేసింది.

అయితే రచయిత్రుల విడిది అన్న మాటకు దగ్గరగా వచ్చే గొప్ప నవల క్రిస్టీది కాదు, డొరోతీ సేయర్స్ 1935లో రాసిన 'గాడీ నైట్'. ఆక్స్‌ఫర్డ్‌లో ఒక కల్పిత మహిళా కళాశాల. డిటెక్టివ్ నవలలు రాసే హారియట్ వేన్ పూర్వ విద్యార్థినుల సంబరానికి వెళ్తుంది. తర్వాత అక్కడే కొంతకాలం ఉండి లె ఫాను అనే పాత రచయిత మీద పనిచేసుకుంటున్నట్టు ఉంటూ, లోపల జరుగుతున్న ఓ వ్యవహారాన్ని కూపీ తీస్తుంది. ఇందులో హత్య జరగదు. ఆకాశరామన్న ఉత్తరాలు వస్తుంటాయి. చదువుకున్న ఆడవాళ్లని తిట్టే బూతులు, బొమ్మలు. ఒక అధ్యాపకురాలు ఏళ్లతరబడి రాస్తున్న గ్రంథం రాతప్రతిని ఎవరో పాడుచేస్తారు. ఆక్స్‌ఫర్డ్ స్త్రీలకు పట్టాలివ్వడం మొదలుపెట్టింది 1920లో. ఆ తొలి పట్టాలు అందుకున్నవాళ్లలో సేయర్స్ ఒకరు. పదిహేనేళ్లయినా ఆ పట్టా ఇంకా ఎవరైనా లాక్కుంటారేమో అన్న భయం ఆ నవల పునాదిలో ఉంది.

అందులో నన్ను కలవరపెట్టేది రెండు విషయాలు. ఒకటి, ఆ ఉత్తరాలు రాసేది పెళ్లికాని అధ్యాపకురాళ్లలోనే ఎవరో, మగతోడు లేక మతి తప్పిన మనిషి అయ్యుంటుందని ఆ స్త్రీలే ఒకరినొకరు అనుమానిస్తారు. ఒంటరిగా చదువుకునే స్త్రీ గురించి లోకం అనే మాటని ఆ స్త్రీలే లోపల మోస్తున్నారన్నమాట. సేయర్స్ ఆ అనుమానాన్ని పెంచి పెంచి చివర్లో పగలగొడుతుంది. రెండోది, అసలు దోషి ఎవరో తేలడం. నవల చదవనివాళ్లు నన్ను క్షమించాలి, విమర్శలో గుట్టు దాచడం కుదరదు. దోషి ఆ కళాశాలలో పనిచేసే పనిమనిషి. ఆమె భర్త కూడా పరిశోధకుడే. తన సిద్ధాంతాన్ని తప్పని తేల్చే ఒక పాత ఉత్తరాన్ని దాచిపెట్టి పరిశోధన గ్రంథం సమర్పించాడు. ఆ సంగతిని ఒక విద్వాంసురాలు బయటపెట్టింది. అతని జీవితం పోయింది, ఆత్మహత్య చేసుకున్నాడు. ఇద్దరు పిల్లలతో భార్య పనిమనిషయింది. చివర్లో ఆమె ఆ ఆడపండితులందరి ముందూ నిలబడి కక్కే కోపం ఆంగ్ల సాహిత్యంలో నాకు తెలిసిన కఠినమైన భాగాల్లో ఒకటి.

సేయర్స్ తీర్పు స్పష్టమే. నిజం ముఖ్యం, ఆ విద్వాంసురాలు చేసింది సరైనదే. నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ తీర్పు వెనక ఒక సౌకర్యం ఉంది. విదుషీమణులందరూ నిర్దోషులుగా తేలారు. నేరం వంటింటి వైపు నుంచి వచ్చింది. స్త్రీల కోసం కట్టిన విద్యాలయంలో పక్కలు సర్దే స్త్రీ అప్పటిదాకా ఎవరి కంటా పడలేదు. కనిపించింది నేరస్తురాలుగానే. సేయర్స్ ఆమెకు గొంతు ఇచ్చింది, చోటివ్వలేదు.

ఈ నవలని మన నేలకు తెస్తే ఏమవుతుంది? రచయితలు ఊరు వదిలి ఒకచోట చేరడం దక్షిణ తెలంగాణకు కొత్త కాదు. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాలకు కవిపండితులు వచ్చేవారు, సభల్లో పద్యాలు చదివి, వాదాలు గెలిచి, శాలువాలూ వార్షికాలూ పుచ్చుకునేవారు. తిరుపతి వేంకటకవులు ఆ దారిన తిరిగినవాళ్లే. గద్వాలకు విద్వద్గద్వాల అని పేరు. అది ఆనాటి రచయితల విడిది. బస ఉచితం, భోజనం రాచభోజనం, పని కవిత్వం. అక్కడి వైరాలు, ఈర్ష్యలు, పద్యం దొంగతనం అపవాదులు ఏ మిస్టరీకీ తీసిపోవు. ఒక తమాషా ఏమిటంటే ఆ గద్వాలను చివరికాలంలో ఏలింది మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ. సింహాసనం మీద స్త్రీ కూర్చోగలిగింది. ఎదుట పద్యం చదవడానికి ఊరూరూ తిరుగుతూ వచ్చే స్త్రీ ఎక్కడ? సంస్థానాల కథల్లో కవుల ప్రయాణాలు వింటాం. వాళ్లు తిరుగుతున్నన్నాళ్లూ ఇంటిదగ్గర పొయ్యి ఆరకుండా చూసినవాళ్ల గురించి వినం.

నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చాడు. ఆయన పాలమూరు మనిషి. మూడువందల యాభైకి పైగా కవుల్ని ఊరూరా వెతికి పట్టి అచ్చులో నిలబెట్టాడు. వాళ్లలో కవయిత్రులూ ఉన్నారు. నా దృష్టిలో అది తెలంగాణ తొలి అపరాధ పరిశోధన. మనుషులు మాయమయ్యారని లోకం ప్రకటిస్తే, మాయమవలేదని ఒకాయన ఆధారాలతో రుజువు చేశాడు.

ఇప్పుడు స్త్రీలం మనమే విడిదులు పెట్టుకుంటున్నాం. కొన్నేళ్ల కింద నేనూ అలాంటి మూడురోజుల సమావేశానికి వెళ్లాను. నల్లగొండ జిల్లాలో, నీళ్లు కనబడే చోట ఓ అతిథి గృహం. పన్నెండుమందిమి. మొదటిరోజు కథ గురించి మాట్లాడినదాని కంటే ఫోన్లో దోసెపిండి ఏ అరలో ఉందో చెప్పినదే ఎక్కువ. ఒకామె భర్తకి ఇది ఆఫీసు శిక్షణ అని చెప్పి వచ్చింది. రాయడానికి వచ్చానని చెబితే ఇంట్లో ఎందుకు రాయకూడదన్న ప్రశ్న వస్తుందట. ఇంకొకామె అత్తగారికి యాదగిరిగుట్ట మొక్కు అని చెప్పింది. దేవుడి పేరు చెబితే ఎవరూ ఆపరు కదా! ఆ రాత్రి నాకు అనిపించింది, మన మిస్టరీకి శవం అక్కర్లేదు. ఒక్కొక్కరి చేతిలోనూ ఒక్కో అబద్ధపు అలిబీ ఉంది. రాయడానికి వెళ్లడమే దాచుకోవలసిన నేరం.

అక్కడ వంటచేసే ఆమె పాలమూరు వైపు నుంచి వచ్చింది. బొంబాయిలో, పూణేలో మట్టిపని చేసి మోకాళ్లు పోయాక వంటకు కుదిరింది. రెండోరోజు సాయంత్రం చాయ్ ఇస్తూ నా పక్కన నిలబడింది.

"పొద్దుగాలకెంచి గదే రాస్తుండ్రు, ఏందమ్మా అది?"

"కథ అక్కా."

"ఎవలి కథ?"

"ఓ ఆడమనిషి కథ. ఇల్లిడిచి పోతది."

"పోయి యాడికి పోతదమ్మా? కూలికా?"

ఆ ప్రశ్న నా కథలో లేదు. ఇల్లు వదలడం నా పాత్రకి విముక్తి. ఆమెకి ఇల్లు వదలడం ఏటా జరిగేదే, దసరా పండగ దాటాక మేస్త్రీ బండెక్కడం. వలసకి పోయే స్త్రీకి తనదైన గది కాదు కదా, తనదైన గోడే లేదు. స్త్రీలందరి అనుభవమూ ఒకటే అని మనం రాసుకున్న రోజుల్లో దళిత, బహుజన, ముస్లిం రచయిత్రులు లేచి అడిగింది ఈ ప్రశ్ననే. 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన 'నల్లపొద్దు' దళిత స్త్రీల సాహిత్యాన్ని ఒకచోట చేర్చినప్పుడు, విడిది లోపలివాళ్లకీ వంటింటి వైపువాళ్లకీ మధ్య తలుపు మొదటిసారి రెండువైపుల నుంచీ కనిపించింది. సేయర్స్ నవలలో పనిమనిషి చివర్లో మాట్లాడుతుంది, అదీ దోషిగా. మన సాహిత్యంలో ఆమె తనే కలం పట్టుకుంది. ఈ తేడా చిన్నది కాదు.

ఇక్కడే కోజీ మిస్టరీతో నా అసలు తగాదా మొదలవుతుంది. ఆ రూపానికి ఒక నమ్మకం ఉంది. నేరం జరగకముందు ఊరు మంచిది. హంతకుణ్ణి తీసేస్తే మళ్లీ మంచిదైపోతుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ ఊళ్ల గురించి ఆ మాట ఎవరు అనగలరు? గడీల కాలంలో వెట్టి నేరం కాదు, వ్యవస్థ. బాలింత పిల్లకు పాలివ్వడానికి పొలం నుంచి ఇంటికి పోవాలన్నా దొర సెలవివ్వాల్సిన ఊళ్లవి. చిన్నపిల్లని జోగినిగా వదిలేస్తే నేరం కాదు, ఆచారం. దాన్ని నేరమని రాష్ట్ర చట్టం చెప్పింది 1988లో. ఇలాంటి చోట 'మామూలు స్థితి' తిరిగి రావడం సుఖాంతం ఎలా అవుతుంది?

ఇంకో సంగతి కూడా ఉంది. కోజీ అడిగే ప్రశ్న 'చంపిందెవరు?' అని. మన ఊళ్లలో ఆ ప్రశ్నకి జవాబు అందరికీ తెలుసు. తెలియనిది చెప్పేదెవరని. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో, ఆసుపత్రి ముందు, గర్భిణి అయిన భార్య కళ్లెదుట ఒక దళిత యువకుణ్ణి నరికి చంపారు. కులం కాని పెళ్లి చేసుకోవడమే కారణం. ఆ అమ్మాయి ఎవరినీ అనుమానించాల్సిన పని లేకపోయింది. తన తండ్రి పేరే చెప్పింది. చెప్పి, ఆ మాట మీద నిలబడింది. తండ్రి 2020లో, విచారణ ముగియకముందే చనిపోయాడు. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. ఈ కథలో డిటెక్టివ్ లేడు. ఉన్నది సాక్షి. పేరు చెప్పడానికి కావలసింది తెలివి కాదు, అన్నం పెట్టిన చేతిని వేలెత్తి చూపించే గుండె. మన మిస్టరీకి కావలసిన నాయిక మిస్ మార్పుల్ కంటే ఈమెకి దగ్గర.

1986లో స్త్రీ శక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'ని ఈ కోణంలోంచి మళ్లీ చదవమని కోరుతున్నాను. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల దగ్గరికి టేపు రికార్డరు పట్టుకుని వెళ్లిన ఆ పరిశోధకులు చేసింది కూడా కూపీ తీయడమే. పోరాటం అయ్యాక ఈ స్త్రీలు ఎటుపోయారు? దళాల్లో ఉన్నవాళ్లని మళ్లీ వంటింట్లోకి పంపింది ఎవరు? దోషి ఒక్క మనిషి కాదు కనక బేడీలు వేయడానికి లేదు. దొరలూ రజాకార్లూ మాత్రమే కాదు, తోడు నడిచిన పార్టీ, మొగుడు, చరిత్ర రాసినవాళ్లు, అందరి వేలిముద్రలూ దొరుకుతాయి. వాళ్లకి కావలసింది వినేవాళ్లు. విన్నారు కనకనే ఆ చరిత్ర మిగిలింది.

తెలుగులో 'పరిశోధన' అన్న మాట రెండు చోట్ల వాడతాం. విశ్వవిద్యాలయంలో చేసేదీ పరిశోధనే, యుగంధర్ చేసేదీ అపరాధ పరిశోధనే. స్త్రీల సాహిత్య చరిత్ర దగ్గరికొస్తే ఈ రెండూ ఒకటైపోతాయి. బెంగుళూరు నాగరత్నమ్మని తీసుకోండి. తంజావూరు ఆస్థానంలో పద్దెనిమిదో శతాబ్దంలో ముద్దుపళని రాసిన 'రాధికా సాంత్వనము' అచ్చుప్రతి చేతికొచ్చింది. చదివితే ఏదో తగ్గిందనిపించింది. రాతప్రతి సంపాదించి పోల్చి చూసింది. పద్యాలు ఎగిరిపోయాయి, రాసింది స్త్రీ, వేశ్య అన్న వివరం మాయమైంది. 1910లో పూర్తి పాఠాన్ని పరిష్కరించి వావిళ్లవారి ద్వారా అచ్చు వేయించింది. వెంటనే నేరం తిరగబడింది. పద్యాలు మింగినవాళ్లు దోషులు కాలేదు, పుస్తకం దోషి అయింది. ప్రభుత్వం అశ్లీలమని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం 1947లో నిషేధం ఎత్తేసేదాకా ఆ శిక్ష నడిచింది. రాతప్రతి, దొంగతనం, తప్పుడు తీర్పు, ఆలస్యంగా విడుదల. ఏ విడిది నవలలోనైనా ఇంతకంటే ఏముంటుంది?

బాల్యంలో కొంతకాలం దేవరకొండలో గడిపిన భండారు అచ్చమాంబది ఇంకో కేసు. ఆమె 'ధనత్రయోదశి' 1902లో అచ్చయింది. 1910లో వచ్చిన గురజాడ 'దిద్దుబాటు'నే తొలి కథగా దశాబ్దాలపాటు పాఠాల్లో చెప్పుకున్నాం. తేదీలు ఎవరూ దాచలేదు, పత్రిక ఎవరూ కాల్చలేదు. చూడకపోవడం చాలు. సాహిత్య చరిత్రలో చాలా నేరాలకు ఆయుధం ఇదే.

పేర్ల గొడవ మరీ చిత్రం. ఆడవాళ్లు రాస్తే 'మొగుడు రాసిచ్చాడు' అన్న లోకమే, రచయిత్రుల పేర్లకు గిరాకీ వచ్చిన రోజుల్లో మగవాళ్లు ఆడపేర్లు తగిలించుకుంటే ముచ్చటపడింది. 'ఇల్లాలి ముచ్చట్లు' చెప్పిన పురాణం సీత నిజానికి పురాణం సుబ్రహ్మణ్యశర్మ. బీనాదేవి పేరు వెనక భార్యాభర్తలిద్దరూ ఉన్నారు. ఏ వాక్యం ఎవరిదని పాఠకులు ఊహిస్తే చాలాసార్లు గట్టి వాక్యమంతా మగాయన ఖాతాలోకే వెళ్లేది. అటు అమెరికాలో కరొలిన్ హైల్‌బ్రన్ కొలంబియా విశ్వవిద్యాలయంలో ఆచార్యురాలుగా పనిచేస్తూ 1964 నుంచి అమాండా క్రాస్ పేరుతో డిటెక్టివ్ నవలలు రాసింది. ఉద్యోగం స్థిరపడేదాకా ఆ గుట్టు కాపాడుకుంది. 1981 నాటి ఆమె నవలలో హార్వర్డ్ ఇంగ్లీషు శాఖలో స్థిరమైన పదవి దొరికిన తొలి స్త్రీ మగవాళ్ల మరుగుదొడ్లో శవమై దొరుకుతుంది. విశ్వవిద్యాలయాల్లో పనిచేసే మనకు ఆ స్థలం ఎంపిక ఎందుకో విడమరచి చెప్పక్కర్లేదు.

ఇన్ని తగాదాలు పెట్టుకున్నాక కూడా ఈ రూపాన్ని మన రచయిత్రులు చేతికి తీసుకోవాలనే నా కోరిక. నల్లగొండలోనో నాగర్‌కర్నూల్‌లోనో ఒక విడిది. ఒక మాయమైన రాతప్రతి. కానీ అది రాసిన చేయి ఎవరిదో వెతకడం లోపలి గదుల్లో మొదలై అక్కడే ఆగిపోకూడదు. ఆ విడిది ఎవరి భూమిలో కట్టారో, అక్కడి నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతో, వంటామె ఊళ్లో ఏ ఇల్లు ఎందుకు తాళం పడి ఉందో ఆ కథకు తెలియాలి. కూపీ తీసేది అల్లికల ముసలావిడ కావొచ్చు, ఊడ్చే ఆమె కావొచ్చు, అలిబీ చెప్పి వచ్చిన రచయిత్రి కావొచ్చు. అనుమానితుల పట్టికలో మాత్రం మనమూ ఉండాలి. చివర్లో ఊరు మామూలైపోకూడదు. టీ కప్పులు కడిగేది ఎవరన్న ప్రశ్న మిగలాలి.

ఆడవాళ్లు నలుగురు చేరితే ముచ్చట్లే అంటారు. అవును, ముచ్చట్లే. ఆ ముచ్చట్లలో సాక్ష్యం ఉంది. ఇన్నాళ్లూ తెలిసినవాళ్లుగా ఉన్నాం, ఇక చెప్పేవాళ్లం కావడమే మిగిలింది.